పెంకు సందులో పురుగు

ఒక పురుగు ఒక దేశానికి ముప్పు అవునా కాదా అన్న ప్రశ్నకు జవాబు ఆ పురుగును ఎంత పరిశీలించినా పూర్తిగా దొరకదు. అది ఏ దారిన రాగలదు, వచ్చినచోట దానికి తగిన వేడి, తిండి, చాటు ఉన్నాయా, అది స్థిరపడితే ఎవరి పంట, ఎవరి వ్యాపారం దెబ్బతింటాయి అన్న సంగతులు ఒకదానితో ఒకటి ముడిపడినప్పుడే ముప్పు అనే మాటకు అర్థం ఏర్పడుతుంది. భారతదేశపు గిడ్డంగుల్లో ఏనాటి నుంచో కాపురముంటున్న ఖప్రా పురుగును ఇక్కడ అనేక ధాన్యపు పురుగులలో ఒకటిగా చూస్తే, అమెరికా రేవుల్లో దాని చనిపోయిన పిల్లే కాదు, అది విడిచిన పొర కనబడినా సరుకును నిలిపివేయడానికి కారణం ఇదే.

హడ్సన్ నదికి పడమటి ఒడ్డున, న్యూయార్క్ నగరానికి ఎదురుగా ఉన్న జెర్సీ సిటీ ఈ విషయాన్ని వివరించడానికి అన్ని విధాలా తగిన చోటు. ఆ ఊరికీ దక్షిణాన ఉన్న బయోన్‌కూ సరిహద్దున పోర్ట్ జెర్సీ కంటైనర్ రేవు ఉంది. నెవార్క్ అఖాతం అవతల పోర్ట్ నెవార్క్, ఎలిజబెత్ రేవులు, వాటిని ఆనుకుని నెవార్క్ విమానాశ్రయం ఉన్నాయి. ఊళ్లో జర్నల్ స్క్వేర్ దగ్గర నెవార్క్ ఎవెన్యూ మీద ఇండియా స్క్వేర్ అని పిలిచే వీధిలో బియ్యం, పప్పులు, మసాలా దినుసులు అమ్మే భారతీయుల కొట్లు వరుసగా ఉన్నాయి. ఓడ దిగిన సరుకూ, విమానం దిగిన పెట్టే, వంటింటి డబ్బా ఇంత దగ్గర దగ్గరగా ఉండే ఊళ్లు అమెరికాలో ఎక్కువ లేవు. దీనికి తోడు, ధాన్యపు పురుగు ఒకటి సముద్రం దాటి వస్తుందేమోనన్న భయంతో ప్రభుత్వాలు చేసిన తొలి అంచనాల్లో ఒకదానికి మూలం ఈ చుట్టుపట్లే ఉంది.

జెర్సీ సిటీకి పాత పేరు పౌలస్ హుక్. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో 1776 సెప్టెంబరులో బ్రిటిష్ సేనలు దాన్ని పట్టుకున్నాయి. 1779 ఆగస్టు 19న హెన్రీ లీ దళం అర్ధరాత్రి దాటాక అక్కడి కోటపై దాడి చేసింది. బ్రిటిష్ రాజు జర్మనీలోని హెస్సె ప్రాంతం నుంచి జీతానికి తెచ్చుకున్న హెస్సియన్ సైనికులు అక్కడా, నదికి అవతల లాంగ్ ఐలండ్‌లోనూ విడిసి ఉండేవారు. ఆ సంవత్సరాల్లోనే లాంగ్ ఐలండ్ గోధుమ చేలలో మొక్కలు మొదట్లోనే చచ్చుబడిపోవడం రైతులు గమనించారు. తరువాతి దశాబ్దంలో ఆ చీడ న్యూజెర్సీ మీదుగా లోపలికి పాకింది. హెస్సియన్ల గడ్డి పరుపుల్లో వచ్చిందన్న అనుమానంతో దానికి హెస్సియన్ ఈగ అని పేరు పడింది; ఆ పేరు పెట్టడంలో తనకు పాత్ర ఉందని న్యూజెర్సీలోని ప్రిన్స్టన్ దగ్గర సేద్యం చేసిన కల్నల్ జార్జ్ మోర్గన్ చెప్పుకున్నారు. ఓడిపోయిన శత్రువు మీద నేరం మోపడానికి అనువైన పేరే గానీ, ఆ సైనికులే తెచ్చారన్నది నేటికీ తేలని వివాదం.

వరి పండించే తెలుగు రైతుకు ఈ ఈగ దూరపు చుట్టమే. వరిలో ఉల్లికోడు తెచ్చే సన్నని ఈగ ఏ కుటుంబానికి చెందుతుందో, హెస్సియన్ ఈగ కూడా ఆ కుటుంబానికే చెందుతుంది. దీని పిల్లపురుగు గోధుమ కాండానికీ ఆకు తొడుగుకూ మధ్య చేరి రసం పీలుస్తుంది, ఎదిగాక అక్కడే అవిసె గింజ లాంటి గోధుమరంగు గూడుగా మారి నెలల తరబడి పడి ఉంటుంది. కాబట్టి అది ప్రయాణం చేస్తే గడ్డిలో చేస్తుందే తప్ప నూర్చి తూర్పారబట్టిన గింజలో కాదు. ముప్పు అంచనా వేసేవారికి అన్నిటికంటే ముందు తెలియవలసిన సంగతి ఇదే, కానీ 1788 నాటికి లండన్‌లో ఎవరికీ ఇది స్పష్టంగా తెలియదు.

ఆ సంవత్సరం అమెరికా గోధుమతో పాటు ఈ ఈగ కూడా దిగుతుందేమోనని బ్రిటన్‌కు భయం పట్టుకుంది. రాజు మంత్రాంగ మండలి రాయల్ సొసైటీ అధ్యక్షుడైన సర్ జోసెఫ్ బ్యాంక్స్‌ను సలహా అడిగింది. ఆయన ఐరోపాలోని రాయబారుల ద్వారా విచారించి, జర్మనీలో అలాంటి పురుగు సంగతి ఎవరూ ఎరగరని తెలుసుకున్నారు. పురుగు జీవితచక్రం తెలియనప్పుడు గింజతో రాదని హామీ ఇవ్వలేమని అభిప్రాయపడ్డారు. అమెరికా గోధుమను నిషేధిస్తూ ఆజ్ఞ వెలువడింది. గింజలో పురుగు లేదని అమెరికన్లు మొత్తుకున్నారు; ఆ వాదంలో నిజం వారివైపే ఉంది. నిషేధం ఎక్కువ కాలం నిలవలేదు. ఇంకొక వైపు, 1791లో అమెరికన్ ఫిలసాఫికల్ సొసైటీ ఈ ఈగను అధ్యయనం చేయడానికి థామస్ జెఫర్సన్ ఆధ్వర్యంలో సంఘాన్ని ఏర్పాటు చేసింది. అంటే ఒక పురుగు రెండు దేశాల మధ్య వర్తక వివాదమై, దాన్ని తేల్చడానికి కీటకశాస్త్రం కావలసి వచ్చింది. 1886లో హెస్సియన్ ఈగ ఇంగ్లండులో నిజంగానే కనబడింది, ఎలినార్ ఆర్మరాడ్ అనే కీటకశాస్త్రవేత్త దాన్ని నమోదు చేశారు, కానీ అక్కడి గోధుమ దానివల్ల కూలిపోలేదు. బ్యాంక్స్ పురుగు వస్తుందనడంలో తప్పు కాలేదు, దారి విషయంలో పొరబడ్డారు, నష్టాన్ని ఎక్కువగా ఊహించారు. ఈ మూడింటినీ విడివిడిగా తూచాలన్న తెలివి తరువాతి తరాలకు ఇలాంటి అనుభవాల నుంచే వచ్చిందని అనుకోవచ్చు.

నేడు ఆ తూకానికి ఒక క్రమం ఉంది. 1951లో కుదిరిన అంతర్జాతీయ మొక్కల రక్షణ ఒప్పందం కింద దేశాలు ఒప్పుకున్న పద్ధతి ప్రకారం మొదట పురుగు లోపలికి ప్రవేశించే అవకాశాన్నీ, తరువాత అది స్థిరపడి సంతానం పెంచుకునే అవకాశాన్నీ, అక్కడి నుంచి వ్యాపించే తీరునూ, చివరగా కలిగే నష్టాన్నీ అంచనా వేస్తారు. ఒక ప్రాంతానికి ఆర్థికంగా హాని చేయగలిగి, అక్కడ ఇంకా లేని చీడను, లేదా ఉన్నా విస్తారంగా వ్యాపించక ప్రభుత్వ అదుపులో ఉన్న చీడను క్వారంటైన్ చీడ అంటారు. ప్రవేశం, స్థిరపడి వ్యాపించడం, నష్టం అనే మూడు మెట్లూ ఒకదానితో ఒకటి గుణించుకుంటాయే తప్ప కూడుకోవు. ఏ ఒక్క మెట్టులో అవకాశం సున్నా అయినా మొత్తం ముప్పు సున్నాకు చేరుతుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థలో భారతీయ అధికారులకు ఇచ్చే శిక్షణలో కూడా ఈ పద్ధతికి చోటుంది.

ఇప్పుడు ఖప్రా వద్దకు రావాలి. 1898లో శాస్త్రీయంగా వర్ణించిన ఈ పురుగు పెద్దదైనా నిడివి 3 మిల్లీమీటర్లు దాటదు, పెద్ద పురుగు బతికేది కొద్ది రోజులు, తినేది దాదాపు ఏమీ లేదు, రెక్కలున్నా ఎగరదనే చెప్పాలి. హాని అంతా పిల్లపురుగుది, శాస్త్రపరిభాషలో లార్వాది. సన్నని ముళ్లలాంటి వెంట్రుకలతో నిండి, 5, 6 మిల్లీమీటర్ల దాకా పెరిగే ఈ లార్వా గింజలోని మొలకను ముందుగా తిని, తరువాత పిండి భాగాన్ని నుసి చేస్తుంది. అది విడిచిన పొరలు, రాలిన వెంట్రుకలు కలవడంతో ఆ ధాన్యం మనుషుల కడుపుకూ, పశువుల కడుపుకూ మంచిది కాకుండా పోతుంది. ఖప్రా అంటే హిందీలో ఇటుక లేదా ఇంటి కప్పు పెంకు. గోడల పగుళ్లలో, పెంకుల సందుల్లో దాగి ఉండే అలవాటు వల్ల ఆ పేరు వచ్చింది. తెలుగులో గట్టి వీపు ఉన్న కీటకాలన్నిటినీ పెంకు పురుగులనే అంటారు కనుక, ఈ పురుగుకు మాత్రం పెంకు అనే మాట రెండు వైపుల నుంచీ, వీపు మీది నుంచీ ఇంటి కప్పు మీది నుంచీ, అతికింది.

ఆ సందులో దాగే అలవాటే దీన్ని ప్రపంచంలోని 100 అతి హానికర దురాక్రమణ జీవుల జాబితాలో చేర్చింది. తిండి తక్కువై, చలి పెరిగి, గుంపు ఎక్కువై పరిస్థితులు అనుకూలించనప్పుడు లార్వా సుప్తావస్థలోకి, అంటే ఎదుగుదల ఆపుకుని, ఊపిరి, కదలిక తగ్గించుకుని పడి ఉండే స్థితిలోకి వెళుతుంది. తిండి బొత్తిగా లేకపోయినా నెలల తరబడి, నడుమ నడుమ కాస్త దొరికితే కొన్ని సంవత్సరాలు అలా బతకగలదు. మిగతా ధాన్యపు పురుగులు నోరు పెట్టలేని 2 శాతం తేమ ఉన్న ఎండు ధాన్యంలో కూడా పెరగగలదు. 33 నుంచి 37 డిగ్రీల సెల్సియస్ వేడిలో నెలలోపే ఒక తరం పూర్తవుతుంది. ఒక ఆడపురుగు 50కి పైగా గుడ్లు పెట్టగలదు. ఈ స్వభావానికి తగినట్టుగా దాని ప్రయాణం ధాన్యంతోనే సాగనవసరం లేదు. 2020లో ఆస్ట్రేలియాలోని కంగారూ ద్వీపంలో ఇది బయటపడింది థాయ్‌లాండ్ నుంచి వచ్చిన రిఫ్రిజిరేటర్ల ప్యాకింగులో. ఒకప్పుడు ధాన్యం మోసిన కంటైనర్ నేల పలకల మధ్య చేరిన లార్వా, మరుసటి సారి ఆ పెట్టెలో గృహోపకరణాలు ఎక్కినా కదలదు.

న్యూజెర్సీ విషయంలో స్థిరపడే అవకాశం ఎంత అన్న ప్రశ్న ఇక్కడ ఆసక్తికరంగా మారుతుంది. ఏడాదిలో కనీసం 4 నెలలు సగటు ఉష్ణోగ్రత 20 డిగ్రీలు దాటి, గాలిలో తేమ 50 శాతానికి లోపు ఉండే చోట్లు ఖప్రాకు బయటి వాతావరణంలో అనుకూలమని శాస్త్రవేత్తలు సాధారణంగా లెక్కిస్తారు. హడ్సన్ తీరపు వేసవి వేడిగా ఉన్నా ఉక్కగా ఉంటుంది. తేమ ఎక్కువున్న చోట వడ్లను తొలిచే ముక్క పురుగుల వంటి ఇతర పురుగులు ఖప్రాను పక్కకు నెట్టేస్తాయి. ఈ లెక్క ప్రకారం న్యూజెర్సీకి ముప్పు తక్కువ అనాలి. అయితే ఖప్రా వాతావరణంలో కాదు, గోదాములో బతికే జీవి. శీతాకాలంలో వెచ్చగా, పొడిగా ఉంచే అమెరికన్ గోదాములో తగినంత వేడి, కావలసినన్ని సందులు ఉంటాయి. 1980 నుంచి 1983 వరకు న్యూజెర్సీ, న్యూయార్క్, పెన్సిల్వేనియా, మేరీలాండ్ వంటి రాష్ట్రాల గిడ్డంగుల్లో ఈ పురుగు స్థిరపడినట్టు బయటపడి, అంతటా నిర్మూలించవలసి వచ్చిన చరిత్ర ఈ అనుమానాన్ని బలపరుస్తుంది. రాష్ట్రం మీది ఎండను మాత్రమే చూసి గీసిన పటంలో అలాంటి గోదాము ఏదీ కనబడదు.

దీనికి సరిగ్గా ఎదురైన ఉదాహరణ తెలుగు రైతుకు బాగా తెలిసిన కత్తెర పురుగు. అది అమెరికా ఖండాలకు చెందిన మొక్కజొన్న పురుగు, 2016లో ఆఫ్రికాలో, 2018 మే నెలలో కర్ణాటకలో కనబడి, ఆ సంవత్సరమే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ చేలలోకి దిగింది. సొంతగడ్డ అయిన అమెరికాలోనే అది న్యూజెర్సీలో స్థిరంగా ఉండదు. గడ్డకట్టే చలికి చచ్చిపోయి, ఫ్లోరిడా, టెక్సాస్ దక్షిణ భాగాల్లో మాత్రమే చలికాలం గడిపి, ప్రతి వేసవిలోనూ గాలుల మీద వందల మైళ్లు ఎగిరి ఉత్తరానికి వస్తుంది. చలి లేని తెలుగు నేలలో ఏడాది పొడవునా దానికి అడ్డు లేదు. అక్కడి అతిథి ఇక్కడ ఇంటివాడైంది, ఇక్కడి ఇంటివాడైన ఖప్రా అక్కడ అతిథిగా కూడా ఉండనివ్వని జీవి అయింది; ఈ మార్పిడిలో ఏ పురుగుకూ గుణం మారలేదు, మారినవి దారులూ, తావులే.

ముప్పులో మూడవ భాగమైన నష్టం, ఖప్రా విషయంలో, తినేసిన ధాన్యం కంటే ఆగిపోయే ఎగుమతిలోనే ఎక్కువ. ఒక దేశంలో ఖప్రా స్థిరపడిందని తేలితే, దాన్నించి ధాన్యం కొనే దేశాలు షరతులు పెడతాయి, లేదా కొనడమే మానేస్తాయి. ఆస్ట్రేలియా ప్రభుత్వం తమ దేశంలో ఖప్రా విస్తరిస్తే 20 సంవత్సరాల్లో 1,550 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల నష్టం జరుగుతుందని అంచనా వేసింది. అమెరికాకు ఇది అనుభవమే. 1953లో కాలిఫోర్నియాలోని ధాన్యపు గిడ్డంగుల్లో ఖప్రాను గుర్తించేసరికి అది అరిజోనా, న్యూ మెక్సికో, టెక్సాస్‌ల దాకా పాకింది. 1955 నుంచి 1966 దాకా సాగిన నిర్మూలన ఉద్యమంలో మొత్తం గిడ్డంగులను గాలి చొరబడని పరదాలతో పైకప్పు నుంచి నేల దాకా కప్పి, లోపలికి మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువును నింపారు. ఖర్చు సుమారు 1 కోటి 10 లక్షల డాలర్లు, ఆ కాలపు విలువలో. ఆ మందు ఓజోన్ పొరకు హాని చేస్తుందని తరువాత మాంట్రియల్ ఒప్పందం కింద దానిని అభివృద్ధి చెందిన దేశాల్లో 2005 నాటికి సాధారణ వాడుక నుంచి తొలగించారు, క్వారంటైన్ పనికి మాత్రం మినహాయించారు. ఖప్రా లాంటి పురుగుకు అది లేకుండా గడవదన్నది ఆ మినహాయింపుకున్న కారణాల్లో ఒకటి. పైగా ధాన్యపు బస్తాల మధ్య పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల నుంచి వచ్చే వాయువుకు భారత ఉపఖండంలోని కొన్ని ఖప్రా జనాభాల్లో తట్టుకునే శక్తి పెరిగింది.

ఇక ప్రవేశం. అమెరికా కస్టమ్స్, సరిహద్దు రక్షణ సంస్థ లెక్కల ప్రకారం 2005, 2006లలో ఏడాదికి 3 నుంచి 6 సార్లు, 2007 నుంచి 2009 దాకా ఏడాదికి సగటున 15 సార్లు ఖప్రా దొరకగా, 2011లో సంవత్సరం పూర్తి కాకముందే 100 సార్లు దొరికింది. ఆ పెరుగుదలలో పురుగు వాటా ఎంత, వెతికే చేతుల వాటా ఎంత అన్నది సంఖ్య ఒక్కటే చెప్పలేదు. ఎక్కువ వెతికితే ఎక్కువ దొరుకుతుంది. అయినా వ్యవసాయ శాఖ ఆగలేదు. 2011 జూలై 30 నుంచి ఖప్రా ఉన్న దేశాల నుంచి ప్రయాణికులు తమ సామానుతో బియ్యం తేవడాన్ని నిషేధించింది. వ్యాపార సరుకుకు మాత్రం ఎగుమతి దేశపు అధికారులు ఖప్రా లేదని ధ్రువీకరించే మొక్కల ఆరోగ్య పత్రాన్ని తప్పనిసరి చేసింది. తరువాత శనగలు, సోయా గింజలు, కుసుమ గింజలు కూడా ఆ నియమం కిందికి వచ్చాయి.

ఈ ఆజ్ఞ బరువు జెర్సీ సిటీలో కాపురముండే తెలుగు కుటుంబాల మీదా పడింది. కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో వచ్చే తల్లిదండ్రులు ఊరి నుంచి పాత సోనా మసూరినీ, సొంత చేలో పండిన శనగలనూ మూటకట్టి తెచ్చే అలవాటుకు విమానాశ్రయంలో అడ్డుకట్ట పడింది, అదే సోనా మసూరి పత్రంతో కంటైనరులో వచ్చి నెవార్క్ ఎవెన్యూ కొట్లో బస్తాగా దొరుకుతోంది. ఒక పెద్దాయన సంచిలోని 5 కిలోలను ఆపి, ఓడలోని వేల బస్తాలను వదిలినట్టుగా ఇది కనబడవచ్చు. ఆ అసంతృప్తి సహజమే, కానీ అందులో తర్కం సగమే ఉంది. వ్యాపార సరుకుకు ఒక యజమాని, ఒక చిరునామా, ఒక ధూమీకరణ రికార్డు ఉంటాయి, దొరికిన రోజు వెనక్కి వెళ్లి మూలం పట్టవచ్చు. సంచిలోని మూటకు అలాంటి జాడ ఉండదు; అది వంటింటి అలమరలోకి చేరి, పురుగు పట్టాక చెత్తబుట్టకు వెళ్లి, పురుగుకు కొత్త చోటును పరిచయం చేయగలదు. అయితే మిగతా సగాన్ని కూడా ఒప్పుకోవాలి: బియ్యాన్ని ఆపడం వల్ల రిఫ్రిజిరేటర్ ప్యాకింగులో వచ్చే పురుగు ఆగదు, నియమం సరుకు పేరును పట్టుకుంటుంది, పురుగు సందును పట్టుకుంటుంది.

తనిఖీ కూడా లెక్కే. ఒక పెద్ద సరుకులో నూటికి ఒక బస్తాలో పురుగు ఉందనుకుంటే, దాన్ని 95 శాతం నమ్మకంతో పట్టుకోవాలంటే సుమారు 300 బస్తాలను విప్పి చూడాలి. 5 బస్తాలు మాత్రమే చూస్తే పట్టుకునే అవకాశం నూటికి 5 దగ్గరే ఉంటుంది. రోజుకు వేల కంటైనర్లు దిగే రేవులో అన్నిటినీ విప్పే మనుషులు ఉండరు కనుక, ముప్పు అంచనా చేసే ముఖ్యమైన పని ఏ దేశం, ఏ సరుకు, ఏ సంచి మీద ఆ చేతులను పెట్టాలో చెప్పడం. పాత నారసంచులు, మడతల్లో పిండి నిలిచిన కంటైనర్ అంచులు, ఎన్నో నెలలు రేవుల్లో ఆగిన సరుకులు ఈ క్రమంలో ముందుకు వస్తాయి.

చేతికి దొరికినదేమిటో తేల్చడం చివరి అంకం. అమెరికాలో ముందునుంచే ఉన్న గోదాము పెంకు పురుగు ఖప్రాకు దగ్గరి బంధువు, దాని లార్వా కూడా వెంట్రుకలతో అచ్చు ఇలాగే ఉంటుంది. వేరు చేయడానికి నోటి భాగాలను కోసి, గాజు పలక మీద పరచి, సూక్ష్మదర్శినిలో అతి సన్నని బొడిపెలు లెక్కపెట్టగల నిపుణుడు కావాలి. జెర్సీ సిటీలో ఒక ఇంటి బియ్యం డబ్బాలో బొచ్చు పురుగు కనబడితే అది ఆ స్థానిక బంధువో, ఉన్ని బట్టల పురుగో అయ్యే అవకాశమే చాలా ఎక్కువ. కాలిఫోర్నియాలో 1953లో అసలు పేరు బయటపడేదాకా జరిగింది దీనికి తలకిందులుగా ఉన్న పొరపాటు: ఖప్రా కొన్నేళ్లుగా అక్కడి గిడ్డంగుల్లోనే ఉన్నా, చూసినవారు దాన్ని స్థానిక పురుగేనని తలచి వదిలేశారు.